కుక్కకు లైసెన్సు, అణు విద్యుత్తుకు ఆసరా: నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది?

గుంటూరు బ్రాడీపేటలో అపార్టుమెంటు సంఘం కార్యదర్శిగా ఉన్న మీరు అడిగినది ఒక ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో మూడు ప్రశ్నలున్నాయి. పెంపుడు కుక్కల నమోదు తప్పనిసరి చేయాలన్న మాట ఏళ్ల తరబడి నలుగుతూ ఉండగా, అణు విద్యుత్తుకు సంబంధించిన అంత పెద్ద బిల్లు పార్లమెంటులో నాలుగు రోజుల్లో ఎలా గట్టెక్కింది అన్నది మొదటిది. ఈ రెండింటి మీద మనబోటివాళ్లు అభ్యంతరం చెప్పదలచుకుంటే ఎక్కడ చెప్పాలి అన్నది రెండోది. అసలు వీటిని సమర్థించాలా, వద్దా అన్నది మూడోది. పురపాలక శాఖ న్యాయ విభాగంలోనూ, ఆ తర్వాత విజయవాడలో బిల్లుల ముసాయిదాలు చదివి అభిప్రాయం రాసే పనిలోనూ ఉద్యోగ జీవితం గడిపినవాడిని కనుక, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఏ ముసాయిదా చేతికొచ్చినా ముందు రెండు విషయాలు వెతకడం నాకు అలవాటు. నష్టం జరిగిన రోజున డబ్బు ఎవరి జేబులోంచి రావాలని అందులో రాశారు, ఏ నష్టమూ జరగని మామూలు రోజుల్లో తనిఖీ చేయవలసిన మనిషి ఎవరు. సభలో జరిగే చర్చ సాధారణంగా ఈ రెండింటి దాకా రాదు. కుక్కల విషయంలో అది జంతుప్రేమికులకూ, కాటు తిన్నవాళ్లకూ మధ్య వాదంగా మిగిలిపోతుంది. అణు విద్యుత్తు విషయంలో దేశ ప్రగతికీ, ప్రాణభయానికీ మధ్య వాదంగా మిగిలిపోతుంది. మన మీద నిజంగా పడేది మాత్రం చట్టం చివర ఉండే అనుబంధాల్లోనూ, ఆ తర్వాత గెజిట్‌లో వచ్చే నిబంధనల్లోనూ ఉంటుంది.

ముందుగా అధికారం ఎవరిదో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అణుశక్తి కేంద్ర జాబితాలో 6వ అంశం. దాని మీద మన శాసనసభ చట్టం చేయలేదు. మహా అయితే తీర్మానం చేసి ఢిల్లీకి పంపగలదు. అయితే భూమి, నీరు, శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలోనివే కనుక, రాష్ట్ర ప్రభుత్వం సహకరించకుండా ఏ అణు కేంద్రమూ పునాది రాయి దాటదు. జంతువుల సంగతి దీనికి భిన్నంగా ముక్కలు ముక్కలుగా పంచి ఉంది. పశువ్యాధుల నివారణ, స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. జంతువులపై క్రూరత్వ నిరోధం ఉమ్మడి జాబితాలో 17వ అంశం. అదే మాట పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల్లో కూడా ఉంది. అందుకే ఒక్క కుక్క మీద కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం, కార్పొరేషన్ ఉపవిధి (స్థానికంగా చేసుకునే నియమం) మూడూ పనిచేస్తాయి. ఆలస్యానికి సగం కారణం ఇక్కడే ఉంది. విజయవాడ కార్పొరేషన్ 1981 నాటి ప్రత్యేక చట్టం కింద, గుంటూరు కార్పొరేషన్ 1994 నాటి చట్టం కింద నడుస్తాయి; రెండింటికీ మూలం 1955 నాటి హైదరాబాదు చట్టమే. కౌన్సిల్ ఉపవిధి తయారుచేసినా ప్రభుత్వ ఆమోదం లేనిదే అది అమల్లోకి రాదు. కాబట్టి ‘కార్పొరేషన్ వాళ్లు ఏమీ చేయడం లేదు’ అని మీ సభ్యులు అంటున్న మాట పూర్తిగా న్యాయమైనది కాదు.

ఇక నమోదు సంగతి. జంతు క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. అందులోని 11వ సెక్షను కింద మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. ఆ అంకెలు దశాబ్దాలుగా మారలేదు. సవరణ ముసాయిదాను 2022 నవంబరులో ప్రజాభిప్రాయానికి పెట్టారు గానీ అది చట్టం కాలేదు. ఆ చట్టం కిందే కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు 2017లో, పెట్ షాపుల నిబంధనలు 2018లో, జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023లో వచ్చాయి. ఈ చివరివి ఒక గీత స్పష్టంగా గీశాయి. పెంపుడు జంతువు టీకాకూ, నులిపురుగుల మందుకూ, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సకూ యజమాని బాధ్యుడు. వీధి కుక్క విషయంలో ఆ బాధ్యత స్థానిక సంస్థది. ఇంత చక్కగా గీత గీశారు గానీ, ఫలానా కుక్క గీతకు ఏ వైపు ఉందో తేల్చే పత్రం మన వీధుల్లో ఎక్కడా ఉండదు. నమోదు అవసరం అక్కడ మొదలవుతుంది.

ఆసుపత్రిలో కుక్క కాటు టీకాల గది ముందు కాసేపు నిలబడితే ఇది అర్థమవుతుంది. గాయం ఏ తరగతిదో చూశాక డాక్టరు వేసే ప్రశ్న ఒకటే: పెంచుకున్నదా, వీధిదా, టీకా వేయించారా? వచ్చే జవాబు చాలాసార్లు ‘మా సందులోదేనండి, ఎవరో అన్నం పెడతారు’ అని. ఆ జవాబుతో డాక్టరు చేయగలిగింది ఏమీ లేదు కనుక పూర్తి కోర్సు రాస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి సూది వేసిన రోజు, ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూదులు, లోతైన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) కూడా. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స లేదు కాబట్టి అలా రాయడమే సరైనది. ఎవరిదో పెంపుడు కుక్క కరిచినా ఆ మందు ఖర్చు ప్రభుత్వ ఖజానా మీదే పడుతోంది. పని మానుకుని నాలుగుసార్లు వచ్చే రోజువారీ కూలి పోయేది కాటు తిన్నవాడికి. యజమాని ఖాతాలో ఏమీ పడదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద జంతువు విషయంలో నిర్లక్ష్యం చూపినవారికి ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ఆ కుక్క తనది కాదని యజమాని అనేస్తే కేసు అక్కడితో ఆగిపోతుంది.

నమోదు చేసినంత మాత్రాన ఇది సరిపోతుందా అంటే, ఇప్పుడు చేసే తీరులో సరిపోదు. దరఖాస్తుతో పాటు జతచేసే టీకా కార్డు చూడండి. మందు సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కరు ఊడదీసి కార్డులో అంటించి, పక్కన తేదీ వేసి డాక్టరు సంతకం చేస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ స్టిక్కరు సగం చిరిగి ఉంటుంది, తేదీ మీద తేదీ దిద్ది ఉంటుంది. దాని జిరాక్సు ఒకటి ఫైల్లో పడుతుంది. ఫైల్లోని కుక్క, గుమ్మం ముందు ఉన్న కుక్క ఒకటేనని చెప్పే గుర్తు మాత్రం ఉండదు. ‘నలుపు, మగ, నాటు’ అని రాస్తే అరండల్‌పేటలో సగం కుక్కలు అవే. బియ్యపు గింజంత మైక్రోచిప్‌లో పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని చదివే పరికరం పశువైద్యశాలలోనూ, కార్పొరేషన్ బండిలోనూ ఉంటేనే ఆ సంఖ్యకు అర్థం. పాడి గేదెల చెవులకు పన్నెండంకెల పసుపు ట్యాగు వేసి వివరాలను కంప్యూటరుకెక్కించడం మన పల్లెల్లో ఇప్పటికే అలవాటైంది. తెనాలి పక్క పాలరైతుకు పరిచయమైన పనిని పట్నంలో కుక్కల యజమానులు వేధింపుగా చెప్పడం నాకు కొంచెం వింతగానే ఉంటుంది.

రుసుము దగ్గర మాత్రం యజమానుల వాదనలో బలముంది. ఫీజు పెంచితే ఆదాయం పెరగదు, దాచిపెట్టడం పెరుగుతుంది. వీధి కుక్కపిల్లను తెచ్చి పెంచుకునేవారికి ఫీజు పూర్తిగా తీసేయాలి. ఆపరేషన్ చేయించిన కుక్కకు నామమాత్రంగా ఉంచి, చేయించని కుక్కకు ఎక్కువ పెట్టాలి. ఇలా చేస్తే నమోదుతో పాటు వీధిలో వదిలేసే కుక్కపిల్లల సంఖ్య కూడా తగ్గుతుంది. ఇంకో విషయం, యజమాని ఫోను నంబరు, చిరునామా ఉన్న ఆ జాబితాను కార్పొరేషన్ వెబ్‌సైటులో పెట్టేయకూడదు. చిప్ సంఖ్య ఇస్తే ‘నమోదై ఉంది, టీకా గడువు ఫలానా తేదీ వరకు’ అన్నంత వరకే బయటివారికి కనిపించాలి.

నమోదు వల్ల వీధి కుక్కల బెడద తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది వేరే పని. రేబిస్ ఆగాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, దాడిచేసే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలకూడదు. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ప్రాంగణాల నుంచి కుక్కలను తొలగించి తిరిగి అక్కడ వదలవద్దని చెప్పింది. పెంపుడు జంతువుల విషయంలో కోర్టు చొరవతో పని కదిలిన ఉదాహరణ కేరళది. 2021లో బ్రూనో అనే లాబ్రడార్‌ను కొట్టి చంపిన ఘటన మీద హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి, యజమానులంతా స్థానిక సంస్థల్లో నమోదు చేయించుకునేలా చూడమని ఆదేశించింది. శాసనసభలు తేల్చని పనిని కోర్టులు తేల్చాల్సి రావడం మంచి పద్ధతి కాదు, కానీ జరుగుతున్నది అదే.

అణు విద్యుత్తుకు వద్దాం. 2025 డిసెంబరు 15న లోక్‌సభలో ప్రవేశపెట్టిన ‘శాంతి’ అనే అణుశక్తి బిల్లును ఆ సభ 17న, రాజ్యసభ 18న ఆమోదించాయి. రాష్ట్రపతి సంతకమూ ఆ నెలలోనే అయింది. సంయుక్త కమిటీకి పంపాలన్న ప్రతిపక్షం కోరిక నెరవేరలేదు, మూజువాణి ఓటుతో పని పూర్తయింది. దీంతో 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి పౌర అణు నష్ట బాధ్యత చట్టం రెండూ రద్దవుతాయి. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుచుకుంటుంది. తొందర ఎందుకన్నది మీ ప్రశ్న. 2047 నాటికి వంద గిగావాట్ల అణు విద్యుత్తు సాధించాలని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించి, చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇప్పుడున్నది తొమ్మిది గిగావాట్లకు కాస్త తక్కువ. దేశంలో వాడే కరెంటులో దాని వాటా సుమారు మూడు శాతం. ఆ దూరం ప్రభుత్వ సొమ్ముతోనే దాటడం సాధ్యం కాదని కేంద్రం లెక్క. ఆ లెక్క తప్పని నేననను. నాలుగు రోజులు చాలన్నదే తప్పు.

ఎందుకంటే 2010లో జరిగింది గుర్తుంది. అప్పటి బాధ్యత బిల్లును మే నెలలో ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపారు. జూన్ 7న భోపాల్ కేసులో తీర్పు వచ్చింది. 1984లో వేలమంది ప్రాణాలు పోయిన చోట శిక్షలు అంత తేలికగా ఉండటం చూసి దేశం మండిపడింది. ఆ వేడిలో ఎంపీలు బిల్లును చదివారు, ఆగస్టులో ఆమోదం పొందేలోపు 17వ సెక్షనులో ఒక ముఖ్యమైన వాక్యం కుదిరింది. సరఫరా చేసిన పరికరంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే, కేంద్రాన్ని నడిపే సంస్థ ఆ సరఫరాదారు నుంచి సొమ్ము రాబట్టుకోవచ్చని. విదేశీ రియాక్టర్ కంపెనీలు ఆ తర్వాత ఒప్పందాలకు జంకడానికి ప్రధాన కారణం ఆ వాక్యమే. కొత్త చట్టంలో అది లేదు. ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని నష్టం చేస్తేనో తప్ప సరఫరాదారు జోలికి పోలేరు.

ఇక పరిమితుల సంగతి. పాత చట్టంలో విద్యుత్ కేంద్రాన్ని నడిపే సంస్థ బాధ్యత 1,500 కోట్ల రూపాయలు. కొత్త దానిలో రియాక్టరు ఉష్ణశక్తిని బట్టి అంచెలు పెట్టారు: 3,600 మెగావాట్లు దాటితే 3,000 కోట్లు, 1,500 నుంచి 3,600 లోపు అయితే 1,500 కోట్లు, అక్కడినుంచి 750, 300 కోట్లకు తగ్గుతూ 150 మెగావాట్ల లోపు వాటికి 100 కోట్లు. గరిష్ఠం రెట్టింపైందని సభలో చెప్పుకోవచ్చు. కానీ శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడకు అనుకున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ-1000 రియాక్టరు ఉష్ణశక్తి సుమారు 3,400 మెగావాట్లు. అంటే విద్యుత్తుగా ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు ఇచ్చే ఆరు భారీ రియాక్టర్లు వచ్చినా అవి పై అంచెలో పడవు, పాత 1,500 కోట్ల దగ్గరే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ వాసిగా నేను అనుబంధంలో ముందు చూసింది ఈ వరుసనే. దానికి పైన కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. మొత్తం కలిపి 30 కోట్ల ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో వాడే ప్రమాణం), మన లెక్కలో మూడున్నర వేల కోట్ల పైచిలుకు. చిన్న రియాక్టరుకు చిన్న బాధ్యత అన్న తర్కం కూడా నాకు మింగుడు పడదు. నష్టం రియాక్టరు పరిమాణం మీదనే కాదు, చుట్టూ ఎంతమంది ఉన్నారన్న దాని మీదా ఆధారపడుతుంది. చిన్నవాటిని పరిశ్రమల పక్కనే పెట్టుకోవచ్చన్నదే వాటి గురించి చెప్పే గొప్ప.

ప్రభుత్వ మద్దతు ఎంత అని మీరు అడిగారు. బడ్జెట్ పద్దు ఒక్కటి చూస్తే అది తెలియదు. ఈ పరిమితి కూడా మద్దతే. పది రూపాయల నష్టానికి రెండు రూపాయల వరకే కంపెనీ బాధ్యత అని చట్టం చెబితే, మిగతా ఎనిమిదికి ప్రీమియం కట్టకుండానే బీమా దొరికినట్టు. ఆ బీమా ఇవ్వకూడదని నేననడం లేదు, ప్రపంచంలో చాలా దేశాలు ఏదో ఒక రూపంలో ఇస్తున్నాయి. దాన్ని ఖర్చు కింద చూపించాలన్నదే నా వాదన.

తనిఖీ చేసే మనిషి విషయంలో ఈ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. 1983లో కార్యనిర్వాహక ఉత్తర్వుతో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలికి ఇప్పుడు చట్టబద్ధ హోదా దక్కింది. దానికి తగిన స్వతంత్రత లేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2012లోనే తప్పుపట్టింది. ప్రత్యేక నియంత్రణ సంస్థ కోసం 2011లో తెచ్చిన బిల్లు లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. హోదా వచ్చింది కనుక ఇక సభ్యులను ఎవరు ఎంపిక చేస్తారు, ఎవరు తొలగించగలరు, నివేదికలు ఎవరికి చేరతాయి అన్నవి చూడాలి.

నా అభిప్రాయం అడిగారు కనుక దాపరికం లేకుండా చెబుతాను. అణు విద్యుత్తు కావాలి. ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చే కేంద్రం 1979 నుంచి నడుస్తోంది. విజయవాడలో ఇళ్లలో దీపాలు వెలగడానికి దాని పొగగొట్టాలు, కొండపల్లి వైపు ఎండాకాలం లేచే బూడిద మూల్యం. సూర్యుడు దిగిపోయాక సాయంత్రం ఏడు గంటల వాడకానికి సౌర ఫలకాలు ఆదుకోవు. బొగ్గును తగ్గించి ఆ లోటును నిలకడగా పూడ్చేవాటిలో అణు విద్యుత్తు ఒకటి. అలాగే పెంపుడు కుక్కల నమోదూ కావాలి. మన ఇళ్లకూ కొవ్వాడకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్ల పైన ఉందని మనం ఊరుకుంటే, అక్కడి మత్స్యకారుల తరఫున ఈ అంచెల పట్టికను ప్రశ్నించేవాళ్లు తగ్గిపోతారు.

ఎక్కడ అభ్యంతరం చెప్పాలన్న దానికి వస్తే, చట్టం ఆమోదం పొందాక కూడా సమయం మిగిలే ఉంటుందని చాలామందికి తెలియదు. చట్టం కింద ప్రభుత్వం చేసే నిబంధనలను ఉభయ సభల ముందు మొత్తం ముప్పై రోజులు ఉంచాలి. సభ మార్చమంటే మార్చాలి. వాటిని పరిశీలించడానికి రెండు సభల్లోనూ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలున్నాయి. బిల్లు మీద చర్చ జరిగేటప్పుడు మీ ఎంపీకి వంద ఉత్తరాలు వస్తాయి; ఈ కమిటీకి వచ్చేవి చాలా తక్కువ కనుక మీ ఉత్తరాన్ని చదివే అవకాశం ఎక్కువ. ‘ప్రమాదకరం, రద్దు చేయండి’ అని రాయకండి. ఫలానా నిబంధనలో పరిహారం కోరే గడువు ఎప్పటినుంచి లెక్కిస్తారో చెప్పలేదు, ఫలానా చోట జనసాంద్రత ప్రస్తావన లేదు అని రాయండి. కొవ్వాడ లాంటి ప్రాజెక్టుకు 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ జరపాలి. దానికి కనీసం ముప్పై రోజుల ముందు పత్రికా ప్రకటన ఇస్తారు, నివేదిక తెలుగు సారాంశం కలెక్టరేట్లో ఉంటుంది, లిఖితపూర్వక అభ్యంతరాలను దూరం నుంచి కూడా పంపవచ్చు.

కుక్కల విషయంలో దారి ఇంకా దగ్గర. క్రూరత్వ నిరోధక చట్టం 38వ సెక్షను కింద కేంద్రం ఏ నిబంధన చేయాలన్నా ముందుగా ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు పిలవాలి, అది చట్టమే పెట్టిన షరతు. కార్పొరేషన్ ఉపవిధి అయితే ముసాయిదా కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, ఫీజు, చిప్, కాటు కేసుల రిజిస్టరుతో అనుసంధానం అనే మూడు అంశాల మీదే మీ సంఘం తీర్మానం పంపితే చాలు. ఇక లిఫ్టులో కుక్కలను నిషేధిస్తూ మీరు చేయబోయే తీర్మానం నిలబడదు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల ప్రకారం నివాసుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించలేవు. గొలుసుతో తీసుకురావాలనీ, మలినాన్ని యజమానే శుభ్రం చేయాలనీ కోరండి, దాన్ని ఎవరూ కాదనరు.

చివరిగా, ‘అణు విద్యుత్తుతో మన గుంటూరుకేం సంబంధం’ అని మీ సమావేశంలో ఒకరు అన్నారని రాశారు. కల్పాక్కం, కైగా అణు కేంద్రాల నుంచి మన డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) ఇప్పటికే కరెంటు కొంటున్నాయి. ఏ కేంద్రం నుంచి ఎన్ని యూనిట్లు, ఎంత ధరకు కొంటున్నారో మీకు కరెంటు ఇచ్చే మధ్య ప్రాంత డిస్కం ఏటా నవంబరు నెలాఖరుకు విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించే ఆదాయ అవసరాల పత్రంలో ఉంటుంది. దాని మీద అభ్యంతరాన్ని డిస్కంకు పంపి, నకలును మండలికి జతచేయండి. గడువులోగా అందిన అభ్యంతరానికి డిస్కం లిఖితపూర్వకంగా జవాబివ్వాలి.